డైలాగ్ ఆడియో క్లీనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

షార్ట్ ఫిల్మ్ తీసినా, వెబ్ సిరీస్ తీసినా, ఇంటర్వ్యూ చేసినా ఎడిటింగ్ దగ్గరికి వచ్చేసరికి అందరికీ అవే డౌట్లు: ఫ్యాన్ చప్పుడు, ఎకో, కోయిల కూత, పగిలిన గొంతు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. అక్కడక్కడా టూళ్ల పేర్లు వస్తాయి కానీ పద్ధతి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా దాదాపు ఒకటే.

## సాఫ్ట్‌వేర్ తెరవకముందు

లొకేషన్‌లో "పోస్ట్‌లో (షూటింగ్ తర్వాతి పనుల్లో) చూసుకుందాం" అంటున్నారు. అన్నీ పోస్ట్‌లో సరిచేయొచ్చా?

కొన్ని చేయొచ్చు. ఏసీ, దూరపు ట్రాఫిక్, కరెంటు హమ్ (గుయ్ మనే మోత) లాంటి ఒకే తీరుగా సాగే చప్పుళ్లు బాగానే లొంగుతాయి. మాట మీదే పడ్డ హారన్ కష్టం. మనిషి మైకుకు దూరంగా ఉండి, గొంతు కంటే గది మోతే ఎక్కువ రికార్డయితే ఇంకా కష్టం. చప్పుడు కంటే గొంతు ఎంత పైన ఉందన్నదే అసలు లెక్క. మైకును సగం దూరానికి తెస్తే గొంతు సుమారు 6 డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయి కొలత) పెరుగుతుంది, ఫ్యాన్ చప్పుడు దాదాపు అంతే ఉంటుంది. అదే 6 డీబీని సాఫ్ట్‌వేర్‌తో రాబట్టాలంటే గొంతులో ఎంతో కొంత పోగొట్టుకోవాలి. ఫ్యాన్ ఆపడానికి మాత్రం అర నిమిషం చాలు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ఫ్రీగా పని జరగదా?

జరుగుతుంది. ఆడాసిటీ ఉచితం. నాయిస్ రిడక్షన్, నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రమే తీసేది), స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపేది) వ్యూ అన్నీ అందులో ఉన్నాయి. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోని ఫెయిర్‌లైట్ పేజీలో డీ-హమ్మర్, డీ-ఎస్సర్ (స, శ ల బుసబుస తగ్గించేది), నాయిస్ రిడక్షన్ దొరుకుతాయి. వాయిస్ ఐసోలేషన్ (గొంతును మిగతా చప్పుళ్ల నుంచి విడదీసేది) కావాలంటే మాత్రం డబ్బు పెట్టి స్టూడియో వెర్షన్ తీసుకోవాలి. సినిమా పోస్ట్ ప్రొడక్షన్‌లో ఎక్కువగా కనిపించేది ఐజోటోప్ ఆర్‌ఎక్స్. అందులో ఎలిమెంట్స్, స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లున్నాయి. డైలాగ్ పనే మీ బతుకుతెరువు అయితే తప్ప అడ్వాన్స్‌డ్ జోలికి వెళ్లక్కర్లేదు. ముందు ఉచిత టూళ్లతో చెవిని తయారు చేసుకోండి. ఎక్కడ ఆగాలో తెలియకుండా ఖరీదైన టూల్ కొంటే అంతే ఖరీదుగా గొంతును పాడుచేస్తాం.

ఒక్క బటన్ నొక్కితే అయిపోయే ఏఐ టూళ్లు ఉండగా ఈ తంటా ఎందుకు?

పాడ్‌కాస్ట్‌కి, ఆన్‌లైన్ క్లాసుకి అడోబీ పాడ్‌కాస్ట్‌లోని ఎన్‌హాన్స్ స్పీచ్ లాంటివి నిజంగానే పనికొస్తాయి. కాదనను. నటనకి వాడేటప్పుడే జాగ్రత్త. ఈ రకం టూళ్లు చప్పుడు తీసేయడంతో ఆగకుండా గొంతును చాలావరకు తిరిగి తయారు చేస్తాయి. గుసగుసగా చెప్పిన మాట మామూలు మాటగా మారొచ్చు, ఏడుపులోని వణుకు చదునైపోవచ్చు, చప్పుడు ఎక్కువున్న చోట అసలు అనని అక్షరం వినిపించొచ్చు. వాడినా నూటికి నూరు శాతం పెట్టకండి. ప్రాసెస్ చేసిన ట్రాక్ కింద అసలు ట్రాక్‌ని కొంచెం కలిపితే ప్రాణం వస్తుంది. కలిపేముందు రెండు ట్రాకులూ ఒక్క శాంపిల్ (డిజిటల్ ఆడియోలో అతి చిన్న ముక్క) తేడా కూడా లేకుండా ఒకే చోట మొదలవుతున్నాయో లేదో చూసుకోండి. కాస్త జరిగినా గొంతు డొల్లగా వినిపిస్తుంది.

రూమ్ టోన్ తీయమంటారు. ఎవరూ మాట్లాడని చప్పుడు దేనికి?

రెండు పనులకి. నాయిస్ రిడక్షన్‌కి "నువ్వు తీయాల్సింది ఇదీ" అని చూపించడానికి, కట్ చేసిన చోట ఖాళీలు నింపడానికి. సీన్ అయ్యాక మైకు కదపకుండా, లైట్లు, ఏసీ సీన్‌లో ఉన్నట్టే ఉంచి, యూనిట్ అంతా కదలకుండా 30 సెకన్లు తీస్తే చాలు, నిమిషమైతే మరీ మంచిది. ప్యాకప్ చెప్పాక అడిగితే ఎవరూ ఆగరు, చెప్పకముందే అడగాలి. తీయకపోతే డైలాగుల మధ్య ఖాళీల్లోంచి ముక్కలు ఏరుకోవడమే దారి.

ఆడియోని వాట్సాప్‌లో పంపారు. దాన్నే క్లీన్ చేయొచ్చా?

చేయొచ్చు కానీ ఫలితం తక్కువ. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఫైల్ సైజు తగ్గించే కంప్రెషన్ ఎక్కువ, పై ఫ్రీక్వెన్సీలు (సన్నని, పదునైన శబ్దాలు) చాలావరకు ముందే పోయి ఉంటాయి. దాని మీద మళ్లీ నాయిస్ రిడక్షన్ వేస్తే గొంతు గరగరలాడుతుంది. రికార్డర్‌లోంచి తీసిన అసలు వేవ్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా గానీ, డ్రైవ్ లింకుగా గానీ పంపమనండి. వీడియో పనికి శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సరిపోతుంది.

32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంటే లెవెల్ గురించి టెన్షన్ అక్కర్లేదా?

డిజిటల్ వైపు అక్కర్లేదు. డిజిటల్ గరిష్ఠమైన సున్నా డీబీ దాటినట్టు కనిపించిన అరుపును కూడా తర్వాత కిందికి దించితే నిండుగా తిరిగి వస్తుంది. కానీ మైకు తట్టుకోలేనంత శబ్దం పడితే అక్కడే పగులుతుంది, దాన్ని ఏ బిట్లూ కాపాడలేవు. వైర్‌లెస్ లేపెల్ (బట్టలకి పెట్టే చిన్న మైకు) ట్రాన్స్‌మిటర్‌లో గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువ పెట్టినా అంతే. 24 బిట్‌లో తీసేవాళ్లు పెద్ద మాటలు మైనస్ 12 డీబీ దగ్గర పడేలా చూసుకుంటే చాలు.

## పని మొదలుపెట్టేటప్పుడు

ఏ వరుసలో చేయాలి?

ముందు పగుళ్లు (మరీ గట్టి శబ్దానికి తరంగం తల తెగిన చోట్లు), అంటే డీ-క్లిప్. తర్వాత టకటకలు, ఆ తర్వాత హమ్, ఆపై ఫ్యాన్ లాంటి స్థిరమైన నాయిస్, తర్వాత ఎకో, చివర్లో మిగిలిన ఒక్కో చప్పుడు చేత్తో. ఈక్యూ (ఫ్రీక్వెన్సీల హెచ్చుతగ్గులు సరిచేసేది), కంప్రెసర్ (గట్టి, మెల్లని మాటల తేడా తగ్గించేది) వేయడం ఇవన్నీ అయ్యాకే. కంప్రెసర్ ముందే వేస్తే మాటల మధ్య చప్పుడు పైకి లేస్తుంది, పైగా మాటను బట్టి ఎగిరిపడుతుంది. అప్పుడు నాయిస్ రిడక్షన్‌కి పట్టు దొరకదు. డీ-క్లిప్ మొదట రావడానికి కారణం వేరు. ఫిల్టర్ వేస్తే పగిలిన చోటు ఆకారం మారిపోయి టూల్ దాన్ని గుర్తుపట్టలేదు.

ఎడిటింగ్‌కి ముందు క్లీన్ చేయాలా, తర్వాతా?

తర్వాత. పిక్చర్ లాక్ (బొమ్మ ఎడిటింగ్ ఖాయం) అయ్యాక వాడిన ముక్కల్నే చేయండి. రెండు గంటల ఫుటేజ్ అంతా శుభ్రం చేసి పది నిమిషాలు వాడుకోవడం దండగ. ముక్కలు తెప్పించుకునేటప్పుడు కట్‌కి అటూ ఇటూ కొన్ని సెకన్లు అదనంగా ఉండేలా అడగండి. నాయిస్ నేర్పడానికీ ఫేడ్‌లకీ అవి కావాలి. ఎడిటర్‌ టైమ్‌లైన్‌లో ముందే వేసిన ఎఫెక్టులు కూడా తీయించండి.

స్పెక్ట్రోగ్రామ్ చూస్తే రంగులు తప్ప ఏమీ అర్థం కావట్లేదు. ఎలా చదవాలి?

ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి ఫ్రీక్వెన్సీ, రంగు ఎంత వెలిగితే అంత శబ్దం. కిందివైపు అడ్డంగా కదలకుండా సాగే గీతలు కరెంటు హమ్. నిలువుగా సన్నగా ఉన్న గీత క్లిక్ లేదా తలుపు చప్పుడు. తెర అంతా పొగమంచులా పరుచుకున్నది ఫ్యాన్ లేదా ఏసీ. గొంతు మెట్లు మెట్లుగా, ఒకదాని మీద ఒకటి వంపు తిరిగే గీతలుగా కనిపిస్తుంది. స, శ, ష అక్షరాలు పైన మేఘంలా ఉంటాయి. కోయిల కూత కింది నుంచి పైకి ఎగబాకే వంపు గీత, కీచురాళ్లు పైభాగంలో చుక్కల వరుస. రోజూ ఏదో ఒక రికార్డింగ్ వింటూ అదే సమయంలో తెర చూస్తే కొద్ది రోజుల్లోనే కన్ను అలవాటు పడుతుంది. ఈ పనిలో నేర్చుకోవాల్సిన వాటిలో ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. ఇది వచ్చాక ప్రీసెట్ల (ముందే తయారుగా ఉండే సెట్టింగుల) అవసరం సగం తగ్గుతుంది.

## ఒక్కో రకం చప్పుడు

గుయ్ మని కరెంటు హమ్ వస్తోంది. యూట్యూబ్‌లో చెప్పినట్టు 60 హెర్ట్జ్ తీసినా పోలేదు, ఎందుకు?

ఆ వీడియో అమెరికా వాళ్లది అయ్యుంటుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. మీరు తీయాల్సింది 50, 100, 150, 200 ఇలా పైకి. 50 దగ్గర ఏమీ లేకుండా 100 దగ్గరే గట్టిగా వినిపించడం కూడా మామూలే. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కూడా కచ్చితంగా 50 దగ్గర నిలబడదు, గ్రిడ్ కోడ్ అనుమతించే పరిధే 49.90 నుంచి 50.05. లొకేషన్‌లో జనరేటర్ ఉంటే ఇంకా పక్కకి జరగొచ్చు. పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన ఇంటర్వ్యూలో టేపు వేగాన్ని బట్టి మారుతూ ఉంటుంది. అందుకే అంకె గుడ్డిగా కొట్టకుండా స్పెక్ట్రోగ్రామ్‌లో గీత ఎక్కడుందో చూసి పెట్టండి. హార్మోనిక్స్ (50 పైన 100, 150 లాంటి దాని గుణిజాలు) అవసరమైనన్నే తీయండి. మగ గొంతు మూలస్వరం తరచుగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి వెడల్పుగా కోస్తే గొంతు బరువు పోతుంది.

ఫ్యాన్, ఏసీ చప్పుడు ఎంత తగ్గించాలి?

6 నుంచి 10 డీబీ. సాధారణంగా అంతే. మాటలు లేని చోటు సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ నేర్పండి, అందులో ఊపిరి గానీ బట్టల చప్పుడు గానీ లేకుండా చూడండి. ఒకేసారి 20 డీబీ లాగే కంటే 6 డీబీ చొప్పున రెండుసార్లు వేస్తే గొంతు ఎక్కువ నిలుస్తుంది. సీన్ మధ్యలో ఏసీ కంప్రెసర్ ఆన్ అయితే అక్కడ క్లిప్‌ని రెండుగా కోసి దేనికది విడిగా నేర్పాలి. వోల్టేజ్ తేడాలకి ఫ్యాన్ వేగం మారుతుంటే అడాప్టివ్ మోడ్ (చప్పుడు మారే కొద్దీ తనే సర్దుకునేది) మేలు. తీసేసిన దాన్ని మాత్రమే వినే సదుపాయం ఆడాసిటీలో రెసిడ్యూ, ఆర్‌ఎక్స్‌లో అవుట్‌పుట్ నాయిస్ ఓన్లీ అని ఉంటుంది. అది నొక్కి వినండి. అందులో మాటలు వినిపిస్తున్నాయంటే గొంతు కూడా కొట్టుకుపోతోందన్నమాట.

క్లీన్ చేశాక గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంది. ఏం తప్పు జరిగింది?

మోతాదు ఎక్కువైంది. నాయిస్‌లో అక్కడక్కడా మిగిలిపోయిన చుక్కలు గలగలమని మోగుతాయి, దీన్నే మ్యూజికల్ నాయిస్ అంటారు. రిడక్షన్ డీబీ తగ్గించండి, సెన్సిటివిటీ లేదా థ్రెషోల్డ్ (టూల్ పని మొదలుపెట్టే స్థాయి) కొంచెం కిందికి దించండి, స్మూతింగ్ పెంచండి. ఆడాసిటీలో అయితే ఫ్రీక్వెన్సీ స్మూతింగ్ బ్యాండ్స్ ఒకటి రెండు పెంచి చూడండి. పాడైపోయిన ఫైల్ మీద ఇంకో ఎఫెక్ట్ వేసి బాగుచేద్దామనుకోవద్దు, అసలు ఫైల్‌తో మళ్లీ మొదలుపెట్టండి.

గదిలో ఎకో బాగా ఉంది. డీ-రివర్బ్ వేస్తే పోతుందా?

తగ్గుతుంది, పోదు. టైల్స్ ఫ్లోరు, ఉత్త గోడలు, కర్టెన్లు లేని కిటికీలు ఉన్న మన ఇళ్ల హాళ్లలో ఇది సర్వసాధారణం. మాట ఆగాక సాగే తోకని సాఫ్ట్‌వేర్ బాగానే కత్తిరిస్తుంది. మాటలో కలిసిపోయి వెంటనే తగిలే మొదటి ప్రతిధ్వనుల్ని గొంతు నుంచి విడదీయడమే కష్టం. ముందు స్థిరమైన నాయిస్ తీసేయండి, లేకపోతే తోక ఎక్కడ ముగుస్తుందో టూల్‌కి కనబడదు. ఆ తర్వాత తక్కువ మోతాదులో డీ-రివర్బ్. క్లోజప్ షాట్‌లో గది మోత చిరాకు పెడుతుంది, వైడ్ షాట్‌లో కొంచెం ఉన్నా కన్ను ఒప్పుకుంటుంది. కాబట్టి అన్ని షాట్లకీ ఒకే సెట్టింగ్ వేయకండి.

అరిచిన డైలాగులో గొంతు పగిలింది. బాగవుతుందా?

పైభాగం కొంచెం తెగితే చాలావరకు బాగవుతుంది. తెగిన తల ఎలా ఉండేదో అటూ ఇటూ ఉన్న ఆకారాన్ని బట్టి డీ-క్లిప్ ఊహించి గీస్తుంది. థ్రెషోల్డ్ ఆ చదునైన తల కంటే కాస్త కింద పెట్టండి. బాగైన తరంగం పాతదాని కంటే ఎత్తు పెరుగుతుంది, అందుకే ముందే గెయిన్ కొంత తగ్గించి గానీ, 32 బిట్ ఫ్లోట్‌లో గానీ సేవ్ చేయాలి. లేకపోతే సేవ్ చేసేటప్పుడు మళ్లీ అక్కడే తెగుతుంది. వాక్యమంతా ఇటుకల వరుసలా చదునుగా ఉంటే ఆశ వదులుకుని వేరే టేక్ వెతకండి.

పట్టుచీర రాపిడి, గాజుల చప్పుడు లేపెల్ మైకులో పడ్డాయి. ఎలా తీయాలి?

చీర రాపిడి కష్టమైన కేసు. అది ఒకే తీరుగా ఉండదు, పైగా గొంతు ఉండే ఫ్రీక్వెన్సీల్లోనే కూర్చుంటుంది. ఆర్‌ఎక్స్ అడ్వాన్స్‌డ్‌లో దీనికోసం డీ-రసల్ ఉంది. లేనివాళ్లు బూమ్ (పొడవాటి కర్రకి కట్టిన మైకు) ట్రాక్ ఉందేమో చూడాలి. రాపిడి ఉన్న మాటలకి బూమ్, మిగతా వాటికి లేపెల్ వాడి ఈక్యూతో రెండూ కలిపేయడం పాతకాలం పద్ధతే, ఇప్పటికీ అదే గట్టి పద్ధతి. గాజులు, మంగళసూత్రం గలగలలు సులువు. పొట్టిగా, పైన ఎక్కడో ఉంటాయి కాబట్టి స్పెక్ట్రోగ్రామ్‌లో ఆ ముక్క వరకే సెలెక్ట్ చేసి తగ్గించొచ్చు. తెర మీద చెయ్యి ఊపుతూ కనిపిస్తుంటే పూర్తిగా తీయకండి. గాజులు కదిలి చప్పుడు రాకపోతే వింతగా ఉంటుంది.

డైలాగ్ మధ్యలో కోయిల కూసింది, కుక్కర్ విజిల్ వేసింది, బైక్ హారన్ కొట్టింది. ఏం చేయాలి?

మాటల మధ్య పడితే ఆ ముక్క కోసేసి రూమ్ టోన్ పెట్టండి, పని అయిపోయింది. మాట మీద పడితే ముందు వేరే టేకులు వినండి. అదే మాట అదే ఊపులో ఇంకో టేకులో దొరికితే ఆ మాటనో, ఆ ఒక్క అక్షరాన్నో తెచ్చి అతికించడం ఏ సాఫ్ట్‌వేర్ కన్నా శుభ్రంగా ఉంటుంది. వైడ్ షాట్‌లోనో, నటుడి వీపు కనిపించే షాట్‌లోనో పెదాల తేడా ఎవరికీ తెలియదు. టేకు దొరక్కపోతేనే స్పెక్ట్రల్ రిపేర్ (స్పెక్ట్రోగ్రామ్ బొమ్మ మీదే సరిచేయడం). కోయిల గీతని బ్రష్‌తో చుట్టుకుని, గొంతు గీతల్ని తాకకుండా అటెన్యుయేట్ చేయండి, అంటే తగ్గించండి. రీప్లేస్ అనే ఆప్షన్ మాట మీద వాడితే అక్షరమే పోతుంది. హారన్‌కి కూడా హార్మోనిక్ గీతలుంటాయి, ఒక్కో గీతా విడిగా తీయాలి. అర సెకను హారన్‌కి అరగంట పట్టినా ఆశ్చర్యపోకండి.

గాలి మైకుకి కొట్టి బుర్రుమంటోంది. పలికేటప్పుడు ప, బ, భ దగ్గర కూడా దబ్బుమంటోంది.

రెండూ కింది ఫ్రీక్వెన్సీల్లో ఉండేవే. ముందు 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (దాని కింది శబ్దాల్ని ఆపేది) పెట్టండి, ఆడ గొంతుకైతే 100 దాటినా పరవాలేదు. ప, బ దబ్బుల్ని మొత్తం ఫైల్‌కి ఫిల్టర్ పెంచి చంపే బదులు ఆ అక్షరం మొదలు మాత్రమే సెలెక్ట్ చేసి 150 హెర్ట్జ్ కింద తగ్గించండి. గాలికి మైకు లోపలి పొర నిండిపోయి మాట తెగితెగి వచ్చిందంటే, అక్కడ బాగుచేయడానికి మాటే మిగల్లేదు.

నోటి తడి చప్పుళ్లు, ఊపిరి చప్పుడు తీసేయాలా?

తడి చప్పుళ్లు తీయండి. మౌత్ డీ-క్లిక్ తక్కువ సెన్సిటివిటీలో చాలు. ఊపిరి మాత్రం ఉంచండి, మరీ ఎక్కువైతే కాస్త తగ్గించండి. కోపంలో, ఏడుపులో ఊపిరి కూడా డైలాగే.

ఫోన్ దగ్గరుంటే టకటకటక మని వచ్చింది. అది పోతుందా?

అది పాత 2జీ సిగ్నల్ చేసే చప్పుడు, 217 హెర్ట్జ్, దాని హార్మోనిక్స్. డీ-హమ్‌లో ఆ అంకె పెట్టి చూడండి. పొట్టి ముక్కలైతే చేత్తో తీయడమే త్వరగా అవుతుంది.

వెనకాల టీ కొట్టులో సినిమా పాట మోగింది. పాట తీసి మాట ఉంచొచ్చా?

ఇక్కడ మాత్రం కొత్తరకం ఏఐ సెపరేషన్ టూళ్లు పాత పద్ధతుల కంటే ఎన్నో రెట్లు మేలు. పాటలో వాయిద్యం ఉంటే బాగా విడదీస్తాయి. గాయకుడి గొంతు ఉన్న చోట తడబడతాయి, ఎందుకంటే అదీ మనిషి గొంతే. సన్నగా ఇంకా వినిపిస్తోందా అన్నది పట్టించుకోండి, యూట్యూబ్ కాపీరైట్ సిస్టమ్ అలాంటిది కూడా పట్టేయొచ్చు.

## అన్నీ అయ్యాక

షాట్ మారినప్పుడల్లా బ్యాక్‌గ్రౌండ్ టక్కున మారుతోంది. ఎలా కలపాలి?

అన్ని షాట్లనీ అతి శుభ్రమైన షాట్ స్థాయికి ఈడ్చకండి, అతి మురికి షాట్‌ని కొంచెం శుభ్రం చేసి మిగతావాటికి దానికి దగ్గరగా రూమ్ టోన్ కలపండి. చెవి చప్పుడుని సహిస్తుంది, చప్పుడు మారడాన్ని సహించదు. సీన్ అంతటికీ కింద ఒకే అంబియన్స్ ట్రాక్ పరిచి, ప్రతి కట్ దగ్గరా చిన్న క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరగడం) వేస్తే చాలా అతుకులు మాయమవుతాయి. పల్లెటూరి సీన్‌కి పిట్టలు, సిటీ సీన్‌కి ట్రాఫిక్ వేసేది కేవలం అందానికే అనుకునేరు, సగం పని ఇలాంటి అతుకులు కప్పడమే.

క్లీన్ చేశాక తెలుగు మాటల్లో ఒత్తులు పోతున్నాయి, వాక్యం చివర మింగేసినట్టుంది.

ధ, భ, ఖ ల్లో ఉండే ఊపిరి, ఫ్యాన్ చప్పుడుకు దగ్గరి చుట్టం. నాయిస్ రిడక్షన్ దాన్నే ముందు తినేస్తుంది. వాక్యం చివర సమస్య గేట్, ఎక్స్‌పాండర్‌ల (మెల్లని శబ్దాన్ని మూసేసేవి, ఇంకా తగ్గించేవి) వల్ల. మనం వాక్యం ముగింపుకి గొంతు దించుతాం, కానీ "వచ్చాడు", "వచ్చారు", "వచ్చింది" అన్న తేడా అంతా అక్కడే ఉంది. గేట్ మూసుకుంటే మర్యాద కూడా పోతుంది. రిలీజ్ సమయం (గేట్ మూసుకోవడానికి పట్టే సమయం) పెంచండి, గేట్ రేంజ్ పూర్తిగా మూయకుండా 6 డీబీ దగ్గర ఆపండి. క్లీన్ చేసిన ఆడియోని ఆ సీన్ చూడని మనిషికి, బొమ్మ లేకుండా, ఫోన్ స్పీకర్‌లో వినిపించి ఏం అర్థమైందో అడగండి. స్క్రిప్ట్ తెలిసిన మీ చెవి లేని అక్షరాల్ని కూడా వింటుంది.

ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?

మాట కష్టపడకుండా అర్థమవుతుంటే ఆపేయండి. అసలు ఫైల్, క్లీన్ చేసిన ఫైల్ ఒకే లెవెల్‌లో పెట్టి మార్చి మార్చి వినాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. సోలో నొక్కి డైలాగ్ ఒక్కటే వింటూ గంటలు గడపకండి. సంగీతం, అంబియన్స్ పడ్డాక మిగిలిన ఫ్యాన్ చప్పుడు ఎవరికీ వినబడకపోవచ్చు. హెడ్‌ఫోన్స్‌లో పని చేసి, చివర్లో స్పీకర్లలో ఒకసారి వినండి.

ఇంత కష్టపడే బదులు డబ్బింగ్ చెప్పిస్తే పోదా?

కొన్నిసార్లు అదే తెలివైన పని. మన సినిమాల్లో డబ్బింగ్ మామూలు విషయం, ఆర్టిస్టులకీ అలవాటే. మాటే అర్థం కాకపోతే, పగుళ్లు నిండిపోతే, గాలి మింగేస్తే డబ్బింగ్‌కే వెళ్లండి. అలాంటప్పుడు లొకేషన్ ఆడియోని పైలట్ ట్రాక్‌గా వాడతారు కాబట్టి, ఆర్టిస్టుకి మాట, ఊపు తెలిసేంత వరకు క్లీన్ చేస్తే చాలు. కానీ కెమెరా ముందు మొదటిసారి నిలబడ్డ కొత్తవాళ్లు, ఊళ్లో పెద్దవాళ్లు, పిల్లలు లొకేషన్‌లో అన్న తీరు డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ రాదు. వాళ్ల మాటల్లో కొంచెం చప్పుడున్నా అవే ఉంచమంటాను. ఒక సీన్‌లో ఒక్క లైనే డబ్ చేస్తే దానికి గది మోత, రూమ్ టోన్ కలపడం మరిచిపోకండి.

ఫైనల్ లౌడ్‌నెస్ ఎంత పెట్టాలి?

ఎక్కడికి వెళుతుందో దాన్ని బట్టి. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది, చిన్నగా ఉన్నదాన్ని మాత్రం పెంచదు. నెట్‌ఫ్లిక్స్ డైలాగ్ ఆధారంగా కొలిచి మైనస్ 27 అడుగుతుంది, అటూ ఇటూ 2 తేడా ఒప్పుకుంటుంది, ట్రూ పీక్ (తరంగం అసలు గరిష్ఠ ఎత్తు) మైనస్ 2 డీబీ దాటకూడదు. యూరప్ బ్రాడ్‌కాస్ట్ ప్రమాణం మైనస్ 23. ఫెస్టివల్‌కి పంపుతుంటే వాళ్ల స్పెసిఫికేషన్ షీట్ అడగండి.

క్లీన్ చేసిన ఫైళ్లు ఎలా ఇవ్వాలి? అసలువి దాచాలా?

దాచాలి, కచ్చితంగా. ప్రతి క్లిప్‌కీ పాత పేరు చివర వెర్షన్ నంబరు చేర్చి, పొడవు, మొదలయ్యే టైమ్‌కోడ్ ఏమీ మారకుండా అదే శాంపిల్ రేటులో వేవ్‌గా ఇవ్వండి. టైమ్‌లైన్‌లో అసలు ట్రాక్‌ని మ్యూట్ చేసి కింద ఉంచితే మిక్సింగ్ ఇంజనీర్‌కి ఏ మాట దగ్గరైనా వెనక్కి వెళ్లే వీలుంటుంది. గట్టిగా రిపేర్ చేసిన లైన్ల పక్కన మార్కర్ పెట్టి, ఏం చేశారో ఒక ముక్క రాయండి. ఎకో పూర్తిగా లాగేసిన లైన్ మీద ఆయన మళ్లీ రివర్బ్ వేసే ముందు అది తెలిసి ఉండాలి.